కాలేషా ఇచ్చిన పొగాకు

మా పేరయ్య గురువుగారికి ఒక అలవాటు ఉండేది. శుక్రవారం మధ్యాహ్నం పాఠం ముగిశాక బీరువా అడుగు అరలోంచి గాజు సీసా ఒకటి తీసేవారు. బిగువుగా పట్టే మూత తిప్పి, లోపలి పొగాకు చిటికెడు చిటికెడుగా తీసి పైపులో నింపుకునేవారు. వెలిగించే ముందు "కాలేషా, నీ ధర్మమా అని" అనేవారు. ఆ తరువాత ముప్పావుగంట సేపు ఎవరు పలకరించినా పలికేవారు కారు. వేదాంతం చెప్పే మనిషికి ఈ పొగేమిటని కొత్తగా వచ్చినవాళ్ళు ముఖం చిట్లించేవాళ్ళు. నేనూ చిట్లించినవాణ్ణే. ఒకసారి ధైర్యం చేసి అడిగితే, "పొగాకు మంచిదని నేనెప్పుడన్నాను? ఇచ్చినవాడు మంచివాడు" అన్నారు.

ఆ ఇచ్చినవాడు కాలేషా. చీరాలలో ఒక పొగాకు కంపెనీలో ఆయనా గురువుగారూ ముప్పై ఏళ్ళు పక్కపక్క బల్లల దగ్గర నిలబడి ఆకు రకాలు ఏరినవాళ్ళు. ఉద్యోగం విరమించిన రోజున కాలేషా తాను స్వయంగా కలిపి, సన్నగా కోసి, మాగబెట్టిన పైపు పొగాకును సీసా నిండా పోసి స్నేహితుడి చేతిలో పెట్టాడట. ఏడాది తిరక్కుండానే కాలేషా కన్నుమూశాడు. ఏ ఆకు ఎంత పాలు కలిపాడో ఎవరికీ చెప్పలేదు, ఎక్కడా రాయలేదు. ఆరేళ్ళుగా గురువుగారు వారానికొక్క పైపు చొప్పున ఆ సీసాలోంచే కాలుస్తూ వచ్చారు. నేను చెప్పబోయే సంగతి జరిగేనాటికి అందులో పావు వంతు మిగిలింది.

ఆ సంవత్సరం ఉగాది వెళ్ళిన వారంలో యలమంద ఒక ప్రశ్న అడిగాడు. యలమంద పాఠానికి వచ్చే మాలో ఒకడు, టంగుటూరు పక్క ఊళ్ళో పొగాకు రైతు. రెండు బ్యారన్లలో, అంటే పచ్చి ఆకును వేడిగాలికి ఆరబెట్టే కొట్టాల్లో, ఆకు కాలుస్తాడు, నోట్లో చుట్ట లేకుండా కనపడడు. ఆ చలికాలంలో అతని భార్య సీతారావమ్మకు పచ్చకామెర్లు ముదిరి, గుంటూరు ఆసుపత్రిలో ఇరవై రోజులు చావుతో పెనుగులాడి బయటపడింది. అంతటి మోటు మనిషీ ఆ ఇరవై రోజులూ ఆసుపత్రి మెట్ల మీద చిన్నపిల్లాడిలా ఏడ్చాడని తోటివాళ్ళు చెప్పుకున్నారు.

"గురువుగారూ, దేవుడు నా మనిషిని నాకు తిరిగిచ్చాడు. ఆ మేలు మర్చిపోలేను. ఇచ్చినదాన్ని మళ్ళీ పోగొట్టుకోకుండా ఎట్టా కాపాడుకోవాలండీ?" అన్నాడు.

ఏదో ఒక శ్లోకం వస్తుందని నేను పుస్తకమూ కలమూ సర్దుకున్నాను. గురువుగారు బీరువా తెరిచారు. ఎవరో ఎప్పుడో బహుమానంగా తెచ్చిన కొత్త పైపు ఒకటి వాడకుండా ఉంటే దాన్ని తీసి, యలమందను పక్కన కూర్చోబెట్టుకుని నింపడం నేర్పారు. అడుగున వదులుగా వెయ్యాలి, పైకి వచ్చేకొద్దీ కాస్త అదమాలి. పీల్చి చూస్తే గాలి ఆడాలి. ఒకసారి వెలిగిస్తే ఆకు ఉబ్బుతుంది, దాన్ని మెల్లగా నొక్కి రెండోసారి వెలిగించాలి. యలమంద శ్రద్ధగా విన్నాడు. విని, చుట్ట లాగినట్టే బుగ్గలు సొట్టపడేలా గుంజాడు. నాలుగు దమ్ములకే పైపు చెయ్యి పట్టలేనంత వేడెక్కింది, నాలుక చురుక్కుమంది, కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

"ఎందుకంత తొందర?" అన్నారు గురువుగారు.

"ఆరిపోద్దేమోనని భయమండీ."

"ఆరితే మళ్ళీ వెలిగిస్తాం. అగ్గిపెట్టె ఉందిగా."

యలమంద తల ఊపాడు గాని, తన ప్రశ్నకూ దీనికీ ఏమిటి సంబంధమన్నట్టు నా వైపు చూశాడు. నాకు తెలిస్తే కదా చెప్పడానికి.

అప్పుడే గురువుగారికి కంటి ఆపరేషన్ ఖాయమైంది. నలభై రోజులు ఒంగోలులో కూతురింట ఉండాలి. వెళ్ళే ముందురోజు యలమందను పిలిచి కాలేషా సీసా అతని చేతికిచ్చారు. "ఇది నువ్వు ఉంచు. ఎండ తగలని చోట పెట్టు. శుక్రవారం నాడు ఒక పైపు నింపుకుని నిదానంగా కాల్చు, మూత గట్టిగా బిగించు. మిగిలిన ఆరు రోజులూ దాని జోలికి పోకు." ఇంతే చెప్పారు. యలమంద దాన్ని రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకున్నాడు. ఆ అద్దుకోవడం చూసే నాకు అనుమానం వచ్చింది. కళ్ళకద్దుకున్న వస్తువు మన దేశంలో వాడకానికి రాదు.

తరువాత జరిగింది యలమంద నోటి నుంచే విన్నాను. మొదటి శుక్రవారం వచ్చింది. గురువుగారి వస్తువును కాల్చడానికి అతనికి చెయ్యి రాలేదు. ఊరికే మూత తీసి, బాగానే ఉందని చూసి, మళ్ళీ పెట్టాడు. మర్నాడూ చూశాడు. ఆ తరువాత పొలం వెళ్ళేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి. ఏప్రిల్ ఎండలు, వడగాలి. అన్నిసార్లు మూత తీస్తే పొగాకు ఊరుకుంటుందా? ఎండిపోయి పొడిపొడిగా రాలడం మొదలుపెట్టింది. అక్కడ అతనిలోని రైతు నిద్ర లేచాడు. బ్యారన్‌లో కాలిన ఆకు అప్పడంలా పెళుసుగా ఉంటుంది, ముట్టుకుంటే విరుగుతుంది. నేల మీద నీళ్ళు చల్లి, తడిగాలి పట్టించి, మెత్తబడ్డాక దింపుతారు. దాన్నే పదును రావడం అంటారు. పాతికేళ్ళుగా ఎన్ని వేల కిలోల ఆకుకు పదును తెచ్చాడో అతనికే తెలియదు, ఈ పిడికెడు ఒక లెక్కా? సీసాలో నీళ్ళు చిలకరించాడు, చుట్టూ తడి గోనె చుట్టాడు, గోనె ఆరకుండా పూటపూటా తడిపాడు. ఆకు మెత్తబడింది. ఎంతో సంతోషించాడట. పదో రోజుకు తెల్లగా బూజు పట్టింది.

గురువుగారు మే నెల మొదటి వారంలో తిరిగొచ్చారు. ఆ సాయంత్రం నేను అక్కడే ఉన్నాను. యలమంద మొదట సీతారావమ్మను ఆటో దింపి, భుజాలు పట్టుకుని నడిపించుకుంటూ తెచ్చాడు. గురువుగారి కన్ను ఎలా ఉందో చూడాలని ఆమె పట్టుబట్టిందట. నలభై నాలుగు డిగ్రీల ఎండ కాసిన రోజున ఆ తల్లికి ఉన్ని శాలువా కప్పి ఉంది. యలమంద సీసాను గురువుగారి ముందు పెట్టి, తల దించుకుని నిలబడ్డాడు.

గురువుగారు మూత తీశారు. ముక్కిపోయిన పొగాకు వాసన గదంతా వ్యాపించింది. లోపలికి తొంగి చూశారు.

"ఒక్క పైపైనా కాల్చావా?"

"లేదండీ. మీది గదా, చెయ్యి రాలా."

"మూత ఎన్నిసార్లు తీశావు?"

సీతారావమ్మే అందుకుంది. "రోజుకి పదిసార్లన్నా తీసుంటాడండీ. నన్ను చూసినన్నిసార్లూ దాన్నీ చూశాడు."

గురువుగారు ఆమె వైపు తిరిగారు. "అన్నం సయిస్తోందా అమ్మా?"

"సయించేందుకు ఏవుందండీ, చప్పిడి కూడు. అన్నీ తినమని, తిరగమని డాక్టరు చెప్పి రెండు నెలలయింది. ఈయన మంచం దిగనియ్యడు. నిద్రపోతుంటే ముక్కు కాడ వేలు పెట్టి చూస్తాడు. మా షెడ్డులో ఆడవాళ్ళు ఆకు గ్రేడింగు చేస్తా ఒకటే నవ్వులండీ, నేను మంచంలోంచి వింటన్నా. పదిహేనేళ్ళు వాళ్ళ మధ్యన కూర్చున్నదాన్ని." మెల్లగా అంది. "నా కోసమే గదా పడే పాట్లని ఓర్చుకున్నా. కానీ బతికొచ్చానన్న సంతోషం ఒక్క పూటన్నా తెలియలేదండీ."

యలమంద ఆమె ముఖంలోకి చూశాడు. ఆమెను అంతగా కనిపెట్టుకుని ఉన్నవాడు, ఆ మాట మాత్రం అప్పుడే విన్నట్టున్నాడు. ఆమె భుజాల మీది శాలువా తీసి చేతిలో ఉండచుట్టుకున్నాడు. ఆమె గాఢంగా ఊపిరి పీల్చుకుంది. నాకెందుకో ఆ ఇద్దరి మీదా ఒకేసారి చెప్పలేనంత జాలి కలిగింది.

కాసేపటికి యలమంద సీసా దగ్గర చతికిలబడ్డాడు. "కాలేషా గారిది ఇదొక్కటే మిగిలింది. నా చేతులారా నాశనం చేశా. ఇంక మీకు ఆయనది ఏవీ లేకుండా పోయింది గురువుగారూ."

గురువుగారు సీసాను పక్కకు జరిపారు. ఆయన ముఖంలో బాధ లేదని అబద్ధం చెప్పను, ఉంది. కానీ దానికన్నా ఎక్కువగా ఇంకేదో ఉంది, శుక్రవారాల్లో పైపు కాల్చేటప్పుడు కనిపించే తృప్తి.

"ఆరేళ్ళు కాల్చాను యలమందా. ఆ కాల్చిందంతా నా దగ్గరే ఉంది. పోయింది కాల్చకుండా దాచిందే."