పన్నెండో రాయి

ఒకానొక రాజ్యంలో ప్రచండభూపతి అనే రాజుండేవాడు. ఆయనకు గుర్రప్పందేలంటే ప్రాణం. గుర్రాల ప్రాణం సంగతి గుర్రాలే చూసుకోవాలి! పందెపు బాటంతా మట్టే గానీ, తన సింహాసనం ఎదుటి మలుపులో మాత్రం అద్దంలాంటి గచ్చు చేయించాడు. పరుగెత్తే గుర్రం నీడ అందులో కనబడాలట. వైభోగమంటే అదీ!

ఇంకేముంది, గుర్రాలు కాళ్లు విరిగి కూలసాగాయి. ఆస్థాన అశ్వశాస్త్రి శంభుభట్టు పడ్డ గుర్రాన్నల్లా పరీక్షించి, "ఒంటి వెంట్రుకల్లో దుష్టసుడి ఉంది ప్రభూ!" అనేవాడు. పడకముందు ఆ సుడి ఆయనకెప్పుడూ కనబడలేదు పాపం. పదకొండో గుర్రం పడేసరికి రాజుకు కోపం నషాళానికంటింది.

"ఇలాంటి గుర్రాలను సాకిన పోలయ్యను దేశం నుంచి వెళ్లగొట్టండి! నా గచ్చును తప్పుబట్టిన వాడికీ అదే శిక్ష!"

ముప్పై ఏళ్లుగా గుర్రాలను బిడ్డల్లా సాకిన పోలయ్య శాలలో కూలబడి ఏడ్చాడు. అది చూసి విదూషకుడు మాచనకు కడుపు మండిపోయింది. నేరుగా సభకెళ్లి చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ, తమ గుర్రాలు వీరులు. వీరుడు ఒరిగిన చోట పేరు చెక్కిన రాయి, వీరగల్లు నాటడం మన ఆచారం కదా, వాటికీ నాటిద్దాం. ఏది ఎక్కడ పడిందో పోలయ్యకే తెలుసు. వచ్చే పందెందాకా అతణ్ణి ఉండనివ్వండి."

రాజు పొంగిపోయాడు. "భేష్! ఆ రోజు నేనే స్వారీ చేస్తాను."

పందెం రోజు రాజు గుర్రమెక్కి బాట చూస్తూ వచ్చాడు. ఎక్కడా ఒక్క రాయి లేదు. సింహాసనం ఎదుటి మలుపులో, గచ్చు అంచున మాత్రం పదకొండూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నిలబడ్డాయి.

"ఓరి మాచనా! అన్నీ ఒక్కచోటే పాతావేంరా? దూరదూరంగా నాటకూడదూ?"

"చోటు ఎంచింది నేను కాదు ప్రభూ, గుర్రాలే! సుడులు ఒక్కోదానికి ఒక్కోచోట ఉన్నాయన్నారు శాస్త్రిగారు. పడటానికి మాత్రం అన్నీ ఇక్కడికే వచ్చాయి."

ఆ పక్కనే మరో రాయి ఉంది. కాస్త పెద్దది, పేరు చెక్కలేదు.

"అదెవరికి?"

"ఇవాళ స్వారీ తమరిదే కదా! శాస్త్రిగారు తమ తలమీది సుడి ఇంకా చూడలేదు. చూసేది పడ్డాకే గనక, పేరు చెక్కించకుండా ఆగాను."

రాజు చెయ్యి తనంతట తానే తల తడుముకుంది. మెల్లగా గుర్రం దిగి, పగలబడి నవ్వాడు. గచ్చు తవ్వించి ఏటి ఇసుక పోయించాడు. మొదటి గునపం శంభుభట్టు చేతికే ఇచ్చాడు. పోలయ్యకు శాలువా కప్పి, మళ్లీ శాల అప్పగించాడు.

"నీకేం కావాలిరా?" అంటే మాచన ఆ పన్నెండో రాయి అడిగి, ఇంట్లో బట్టలుతికే బండగా వేసుకున్నాడు. తర్వాత రాజు ఎప్పుడు బీరాలు పోయినా, "బండ ఖాళీ చెయ్యమని మా ఆవిడతో చెప్పమంటారా ప్రభూ?" అనేవాడట.