పోలినాయుడి ఒక్క కూత

"మాస్టారూ, ఒకే ఒక్కసారి కూతకెళ్ళి పట్టుబడిపోయినవాణ్ణి ఆటగాడంటారా?"

పోలినాయుడు ఈ మాట అడిగేసరికి రొంగలి మాస్టారు కబడ్డీ బరికి సున్నంతో గీతలు వేస్తున్నారు. ఆయనకో అలవాటుంది. ఎవరేం అడిగినా నోటితో జవాబు చెప్పరు, అడిగినవాణ్ణి బరిలోకి దింపుతారు. ఆ ఊరి ప్లీడరుగారైనా సరే, ఆయన్ని ఏదైనా అడగాలంటే ముందు చెప్పులు విప్పి మరీ అడుగుతారు.

పోలినాయుడి బాధ చిన్నదేం కాదు. బొబ్బిలి చుట్టుపక్కల అతన్ని పట్టిన మొనగాడు లేడు. అందుకే టీవీలో వచ్చే పెద్ద లీగువాళ్ళు ఏరికోరి తీసుకెళ్ళారు. తీసుకెళ్ళి సీజనంతా బెంచీ మీద కూర్చోబెట్టి, ఆఖరి మ్యాచిలో ఒక్క కూతకి పంపారు. మట్టిలో పెరిగిన ఆట కదా, అలవాటుకొద్దీ మడమ గుచ్చి గిరుక్కున తిరగబోయాడు. అక్కడున్నది మట్టి కాదు, మ్యాటు. మడమ దిగితేనా! మూలనున్నవాడు చీలమండ అందుకున్నాడు, అంతే సంగతులు. ఊళ్ళో టపాకాయలు పట్టుకుని టీవీ ముందు కూర్చున్నవాళ్ళు వాటిని అలాగే పట్టుకుని ఇళ్ళకి పోయారు.

మళ్ళీ ఏ జట్టూ పిలవలేదు. ఇంటికొస్తే టీకొట్టు దగ్గర "ఏటి నాయుడూ, టీవీలో కనబడ్డావు గానీ కన్నార్పేలోగా పోనావు" అని ఒకటే ఎకసెక్కం. సిగ్గుతో చితికిపోయాడు పాపం. బూట్లు తమ్ముడికిచ్చేశాడు. ఇక జన్మలో బరి తొక్కనని తేల్చుకుని, ఆ ముక్క గురువుగారి చెవిన వేసి పోదామని వచ్చాడు.

మాస్టారు చేతుల సున్నం దులుపుకున్నారు.

"ఆడెలా పట్టాడ్రా నిన్ను?"

"అదెందుకు లెండి మాస్టారూ ఇప్పుడు..."

"చూపించు."

సాయంత్రం ఆటకి చేరిన కుర్రాళ్ళలో కూతకి గవరయ్యే గట్టివాడు. వాణ్ణి కూతకి పంపి, పోలినాయుణ్ణి ఎదుటి మూల నిలబెట్టారు. కూతగాణ్ణి తీసుకొచ్చి పట్టేవాడి చోట పెడితే ఒళ్ళు మండదూ? అయినా గురువు మాట కాదనలేక నిలబడ్డాడు. అచ్చం ఆ రోజు తనని పట్టినవాడు నిలబడ్డట్టే, చూపు నేల మీద పెట్టి, చేతులు వేలాడేసి. వాణ్ణి మరిచిందెక్కడ? కళ్ళు మూస్తే చాలు, వాడే కనబడుతున్నాడు.

గవరయ్య తొడగొట్టి దూసుకొచ్చాడు. మడమ గుచ్చాడు. బరువంతా ఆ కాలి మీద పడేదాకా ఓపిక పట్టి, పోలినాయుడు ఒక్కసారి వంగాడు. గవరయ్య నేల మీదున్నాడు. ఏం జరిగిందో వాడికే తెలీదు.

"ఓలమ్మో! అన్నా, ఇంకోపాలి! చెయ్యి ముందా, మోకాలు ముందా?" కుర్రాళ్ళంతా మూగారు.

పోలినాయుడు మట్టిలో మోకాలు ఆనించి చూపించాడు. "కంగారు పడకూడదురా. ఆడి మొహం కాదు, మడమ చూడాల. ఏదీ, నువ్వు పట్టు." అలా చెబుతుంటే తన గొంతు తనకే కొత్తగా వినబడింది. ఇన్నాళ్ళకి గుండెల నిండా ఊపిరి తీసుకున్నాడు.

చీకటి పడుతుండగా వచ్చిన పని గుర్తొచ్చింది. "మాస్టారూ, నేనడిగినదానికి..."

మాస్టారు చెరిగిపోయిన నడిమి గీత మీద మళ్ళీ సున్నం పోస్తున్నారు. తలెత్తలేదు.

"పట్టుబడినా సరే, కూతకెళ్ళినవాడు గీత ఇవతలికొచ్చాడో లేదో చూసి కదరా ఔటనాలి. నువ్విప్పుడేగా వచ్చావు."