ఎలుగు కొట్టుకు నక్క లెక్క

వాగు ఒడ్డున కుందేళ్ల పేట, గుట్ట మీద మేకల పేట, మడుగు పక్కన బాతుల పేట. మూడింటికీ కలిపి ఉన్నది తాబేలు కొట్టు ఒక్కటే. అదీ చిన్నది, పైగా దూరం. ఏడాదంతా కూడబెట్టిన తేనె, దుంపలు పెట్టి ఎలుగుబంటి పెద్ద కొట్టు తెరవాలనుకుంది. ఎక్కడ పెట్టాలో తేల్చమని నక్కను అడిగింది. అడవిలో తెలివంతా తన సొంతమని నక్కకు గట్టి నమ్మకం.

నక్క ఇసుకలో పేటలు గీసి, ఒక్కోదాన్నుంచీ గీతలు లాగింది.

“కొట్టు పెద్దదైతే జనం వస్తారు మావా. దగ్గరైతే ఇంకా వస్తారు. ఆ రాళ్ల మలుపు దాటగానే పెట్టెయ్. మూడు పేటల బేరమూ నీకే. దారులన్నీ నేనే నడిచి చూశాగా!”

“నీ మాట మీద ఉన్నదంతా పెడుతున్నా కోడలు పిల్లా.”

కొట్టు తెరిచారు. ఒక్క బేరమూ రాలేదు. ఎలుగు ఈగలు తోలుకుంటూ కూర్చుంది. తేనె చీమల పాలైంది, దుంపలు కుళ్లాయి. మూడు పేటలవాళ్లూ చుట్టు తిరిగి తాబేలు దగ్గరికే పోతున్నారు.

నక్కకు తల కొట్టేసినట్టయింది. వాగు అవతల సంచీ మోసుకుపోతున్న ముసలి కుందేలును కేకేసింది.

“దగ్గర్లో అంత పెద్ద కొట్టుండగా అంత దూరం పోతావేం తాతా? లెక్క ప్రకారం నువ్విటే రావాలి!”

కుందేలు ఆగింది కానీ, దగ్గరికి రాలేదు.

“లెక్క బాగానే ఉందమ్మా. ఆ మలుపులో ఎవరిల్లుంది?”

నక్క మలుపు వైపు తిరిగి చూసింది. ఆ మలుపులో ఉన్నది తన బొరియే.

“పోయినేడు మా చిన్నదాన్ని ఉప్పు తెమ్మని ఆ దారినే పంపాం. సంచీ ఒక్కటే దొరికింది.”

నక్కకు ఆ పూట గుర్తొచ్చింది. కడుపు నిండిందనుకుందే గానీ, ఎవరి పిల్లో అని ఏనాడూ అనుకోలేదు. సిగ్గుతో చెవులు వాలిపోయాయి. తలెత్తకుండానే వెళ్లి ఎలుగుకు ఉన్నదున్నట్టు చెప్పింది.

“అందరి ఇళ్లూ గీశావు, నీ ఇల్లు మాత్రం గీయలేదు,” అంది ఎలుగు, కుళ్లిన దుంపలు గోతిలో పోస్తూ. “గురివింద తన నలుపెరగదని ఊరికే అన్నారా? నువ్వంటే నాకు భయం లేదు గనక నాకూ తట్టలేదు.”

“బొరియ మార్చేస్తాను మావా, ఇవాళే.”

“ఇల్లు మారుస్తావు సరే, ఆ పళ్లెక్కడ పెడతావు?”



నీతి: జనం ఎటు పోతారో లెక్కగట్టే ముందు, మనల్ని చూసి ఎవరు పక్కకు తప్పుకుంటున్నారో చూసుకోవాలి.