గోదా మట్టిలో గీత

పోచమల్లు పహిల్వాన్ వీపు నలభై ఏళ్లుగా నేలను తాకలేదు.

ఈ మాట అతను ఎప్పుడూ చెప్పుకోలేదు. చెప్పుకోవాల్సిన అవసరం రాలేదు. వరంగల్‌లో గింజల మార్కెట్ వెనక గల్లీ మొత్తం అతని తరఫున చెప్పి పెట్టేది. కుస్తీలో వీపు నేలకు తగిలితే చిత్, ఆట అయిపోయినట్టే. పోచమల్లు ఇరవై రెండో ఏట ఆఖరిసారి చిత్ అయ్యాడు. తర్వాత అతన్ని పడగొట్టినవాడు లేడు.

కుస్తీలు మానేసి మార్కెట్లో హమాలీ మేస్త్రీ అయ్యాక కూడా అతను ఆ పట్టు వదల్లేదు. రాత్రి పక్కకు తిరిగే పడుకుంటాడు. కటింగ్ షాపులో కుర్చీ వెనక్కి వాల్చనివ్వడు, గడ్డం గీసేవాడే చుట్టూ ప్రదక్షిణ చెయ్యాలి. భార్య కొమురమ్మ పెళ్లయిన కొత్తలో ఇదంతా చూసి మురిసిపోయింది. ఇప్పుడు మాత్రం, "మంచం మీద గూడ ఎవడో కుస్తీకి వస్తడన్నట్టే పండుతడు" అంటుంది.

అరవై రెండో ఏట, ఎవరూ పట్టలేని ఆ నడుమే అతన్ని పట్టుకుంది.

ఐదు నిమిషాలు నిలబడితే పిక్కలు బరువెక్కేవి. వంద అడుగులు నడిస్తే కాళ్లలో తడి ఇసుక పోసినట్టుండేది. కూర్చుంటే తగ్గేది. ముందుకు వంగినా తగ్గేది. సైకిలెక్కితే మాత్రం పెళ్లికొడుకులా హాయిగా సాగిపోయేవాడు.

పహిల్వాన్ నడవలేక ఆగాడని గల్లీ అనుకోకూడదు కదా. అందుకని ప్రతి వంద అడుగులకూ ఏదో ఒక దుకాణం ముందు ఆగి, వంగి, సరుకు చూడటం మొదలుపెట్టాడు. టమాటాలు ఒక్కొక్కటే తిప్పి చూసేవాడు. తాళాలు చూసేవాడు. అన్నిటికంటే ఎక్కువసేపు ఫాతిమాబీ గాజుల దుకాణం ముందు ఆగేవాడు, ఎందుకంటే ఆమె బల్ల సరిగ్గా మోచేతులు ఆనించుకునేంత ఎత్తులో ఉంది. ఆమె పాపం రోజూ కొత్త రకాలు తీసి చూపించేది. అతను రోజూ పావుగంట చూసి, కాళ్లు కుదుటపడగానే లేచి వెళ్లిపోయేవాడు.

కబురు కొమురమ్మకు చేరింది.

"ఏమయ్యా, రోజూ గాజులు జూస్తవట. నా చేతికైతే ఒక్కటి రాలే. ఎవరి చేతికి పోతున్నయ్?"

నలభై ఏళ్లుగా ఎవరికీ లొంగని మనిషి అక్కడికక్కడే అంతా ఒప్పేసుకున్నాడు. ఆ అనుమానం కన్నా రోగమే నయమనిపించింది.

మర్నాడే కొమురమ్మ ఆసుపత్రికి తీసుకెళ్లింది. డాక్టర్ సుచరితకు ముప్పై ఐదేళ్లుంటాయేమో. సన్నటి మనిషి. అతని నడక చూసి, కాళ్లు తట్టి చూసి, స్పైనల్ స్టెనోసిస్‌లాగే ఉందంది.

"వెన్నులో నరాలు పోయే దారి ఇరుకవుతుందండీ. నిటారుగా ఉంటే ఇంకా నొక్కుకుంటుంది, వంగితే కొంచెం చోటు దొరుకుతుంది. అందుకే మీకు సైకిల్ మీద బాగుంది. కసరత్తుతో, మందులతో నెట్టుకురావచ్చు. సూది వేస్తే కొందరికి కొన్నాళ్లు హాయిగా ఉంటుంది. లేదా ఆపరేషన్ చేసి దారి వెడల్పు చెయ్యొచ్చు. ఏది సరైందో స్కానింగ్ చూడకుండా చెప్పలేను." అతని పాదాలకేసి చూస్తూ అడిగింది. "పాదం బలం తగ్గిందా? చెప్పు జారిపోవడం లాంటిది ఉందా?"

"ఏం లేదమ్మా" అన్నాడు పోచమల్లు.

ఆ వారంలో ఎడమ చెప్పు మూడుసార్లు జారింది. ఒకసారైతే ఒంటి చెప్పుతో ఇంటికి చేరి, గుమ్మం దగ్గర చూసుకున్నాడు. తప్పు చెప్పుదేనని తీర్మానించి కొత్త జత కొన్నాడు. అది కూడా జారింది.

స్కానింగ్ గదిలో అసలు చిక్కు వచ్చింది.

"పెద్దాయనా, వెల్లకిలా పడుకోండి" అన్నాడు మిషన్ దగ్గరి కుర్రాడు.

"పక్కకు పంటే రాదా ఫొటో?"

"రాదు. వెల్లకిలానే. అరగంట కదలొద్దు."

పోచమల్లు ఆ బల్లను చూశాడు. గదికి అద్దం ఉంది. అద్దం వెనక ఇద్దరు కూర్చుని తననే చూస్తున్నారు. చొక్కా గుండీలు పెట్టుకుని బయటికొచ్చి, మిషన్ చెడిపోయిందట అని కొమురమ్మకు చెప్పాడు.

ఆ తర్వాత నెల రోజులు సలహాలు వచ్చిపడ్డాయి. బామ్మర్ది ఒక నూనె చెప్పాడు. మార్కెట్లో ఒకాయన, ఆపరేషనంటే ఇక మంచమేనన్నాడు. ఇంకొకాయన, మా వియ్యంకుడు చేయించుకుని పొలం దున్నుతున్నాడన్నాడు. పోచమల్లు అందరి మాటా విన్నాడు. అందరి మాటా వింటూ ఉన్నంతకాలం ఏదీ చెయ్యక్కర్లేదు.

చివరికి ఒకరోజు పొద్దున, చిన్నప్పుడు కుస్తీ నేర్చుకున్న తాలీంకు పోయాడు, సైకిల్ మీద.

యాకూబలి ఉస్తాద్‌కు ఎనభై మూడేళ్లు. పోచమల్లుకు పదమూడేళ్లప్పుడు ఈ గోదాలోనే మొదటి పట్టు నేర్పింది ఆయనే. ఆయన వీపుకు మట్టి అంటగా చూశామన్నవాళ్లు గల్లీలో ఎవరూ లేరు. కసరత్తుకు వచ్చినవాళ్లంతా వెళ్లిపోయారు. ఉస్తాద్ గోదా గట్టు మీద కూర్చుని బాదం పొట్టు ఒలుస్తున్నాడు.

"సలాం ఉస్తాద్. మూడు దారులు చెప్పిన్రు డాక్టర్లు. కసరత్తు, సూది, ఆపరేషన్. మీరు ఏదంటే అది."

"స్కానింగ్‌ల ఏమొచ్చింది?"

"ఆలోచన జేస్తున్న ఉస్తాద్."

"ఫొటో దిగనీకి గూడ ఆలోచనేనా?"

ఉస్తాద్ ఒక బాదం అతని చేతిలో పెట్టి, పార తీసుకుని గోదాలోకి దిగాడు. నూనె, మజ్జిగ, పసుపు కలిపి ఏళ్ల తరబడి తవ్విన ఎర్రమట్టి అది. ఆ చివర నుంచి ఈ చివరకు మెల్లగా చదును చేశాడు. పోచమల్లు పార అందుకోబోతే ఇవ్వలేదు.

"చెప్పులిడువు. ఇక్కడికెల్లి ఆ గోడ దాంక నడువు."

పోచమల్లు మట్టి నుదుటికి తాకించుకుని నడిచాడు. గోడ దాకా వెళ్లి, గోడకు వంగి ఆనుకుని, వెనక్కి తిరిగి చూశాడు.

కుడి పాదం గుర్తులు అచ్చు వేసినట్టున్నాయి, ఐదు వేళ్లతో సహా. ఎడమ పాదం గుర్తు ముందు ప్రతిసారీ ఒక పొడుగాటి గీత ఉంది.

ఉస్తాద్ గొంతుక్కూర్చుని ఆ గీత వెంట వేలు పోనిచ్చాడు.

"ఈ పాము ఎప్పుడు వొయ్యింది?"

"పాము గాదు ఉస్తాద్. నా బొటనవేలు."

"డాక్టరమ్మకు చెప్పినవా?"

"అడిగింది."

"ఆమె అడిగిందా అని అడుగలే."

"చెప్పలే ఉస్తాద్."

"స్కానింగ్ ఎందుకు తీపిచ్చుకోలే?"

పోచమల్లు గోడకేసి చూశాడు. తలుపుకేసి చూశాడు. చేతిలో బాదంపప్పుకేసి కూడా చూశాడు. అది కూడా ఏమీ సాయం చెయ్యలేదు.

"వెల్లకిల పండుమన్నరు ఉస్తాద్."

మనమైతే నవ్వేవాళ్లం. ఉస్తాద్ నవ్వలేదు. తల మీది టోపీ తీసి గట్టు మీద పెట్టాడు. పిడికెడు మట్టి నుదుటికి తాకించుకున్నాడు. ఒక చెయ్యి ఆనించి కూర్చుని, మోచెయ్యి ఆనించి ఒరిగి, గోదా మధ్యలో వెల్లకిలా పడుకున్నాడు.

పోచమల్లు పరుగులాంటిది ఒకటి చేసి తలుపు మూసి గడియ వేశాడు.

"ఉస్తాద్, లెవ్వండి. ఎవరన్న జూస్తరు."

"మట్టి సల్లగుంది. రా."

"ఉస్తాద్..."

"నలభై ఏండ్ల సంది నిలబడ్డవు గద. అలిసిపోలేదారా?"

పోచమల్లు చాలాసేపు నిలబడ్డాడు. పిక్కలు బరువెక్కడం మొదలైంది. కూర్చున్నాడు. తర్వాత, నీళ్లలోకి దిగేవాడిలా ఊపిరి బిగబట్టి, వెనక్కి ఒరిగాడు. వీపు మట్టిని తాకింది. కాళ్లు చాపగానే నడుములో కలుక్కుమంది.

"మోకాళ్లు మడువు" అన్నాడు ఉస్తాద్.

మడిచాడు. నొప్పి సద్దుమణిగింది. మట్టి నిజంగానే చల్లగా ఉంది. చాలాసేపటికి కళ్లు తెరిచాడు.

పెంకుల సందుల్లోంచి వెలుతురు చుక్కలు చుక్కలుగా దిగుతోంది. దూలం మూలన మూడు పిచ్చుక గూళ్లు ఉన్నాయి. ఒక దాంట్లోంచి చిన్న ముక్కులు బయటికి తెరుచుకుని ఉన్నాయి. ఈ అరుపులు అతను చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాడు. ఎక్కణ్నుంచి వస్తున్నాయో ఎప్పుడూ చూడలేదు.

"ఈ పిట్టలు ఎప్పటి సంది ఉన్నయ్ ఉస్తాద్?"

"నువ్వు రాకముందు సంది."

ఇద్దరూ కాసేపు పిచ్చుకల్ని చూశారు.

"ఇప్పుడన్న చెప్పండి ఉస్తాద్. ఏ దారి?"

"నువ్వు గోదాల ఉన్నప్పుడు నేనెన్నడన్న గట్టు మీదికెల్లి పట్టు చెప్పిన్నా?"

"లేదు ఉస్తాద్."

"ఎందుకు చెప్పలే?"

పోచమల్లు ఆలోచించాడు. "ఎదుటోని బరువు నాకే తెలుస్తది గనుక."

"ఆఁ" అన్నాడు ఉస్తాద్. "జర లేపు. నాకిప్పుడు లేవొస్తలేదు."

ఒకరినొకరు లేపుకోవడానికి చాలాసేపే పట్టింది. ఆ సంగతి గల్లీకి తెలియకపోవడం ఇద్దరి అదృష్టం.

ఆ తాలీంలో ఒక పద్ధతి ఉంది. పడగొట్టినవాడు పడినవాడి వీపు మీది మట్టిని అరచేత్తో మూడుసార్లు దులిపి, "సలామత్" అనాలి. చల్లగా ఉండు అని. ఆ తర్వాతే గట్టెక్కాలి. పోచమల్లు ఎన్ని వందల వీపులు దులిపాడో అతనికే గుర్తులేదు. ఇప్పుడు ఉస్తాద్ అతని వెనక్కి వచ్చి మూడుసార్లు దులిపాడు.

"సలామత్."

వీపు దులిపే అరచెయ్యి అంత వెచ్చగా ఉంటుందని పోచమల్లు మరిచిపోయి నలభై ఏళ్లయింది. ఇంకా చేతిలోనే ఉన్న బాదంపప్పును నోట్లో వేసుకున్నాడు.

"మరి నాదెవరు దులుపుతరు?" అని ఉస్తాద్ వీపు తిప్పాడు.

రెండ్రోజుల తర్వాత స్కానింగ్ గదిలో, పడుకోండి అనేలోపే పోచమల్లు పడుకున్నాడు. అద్దం వెనక ఉన్నవాళ్లకు చెయ్యి కూడా ఊపాడు, కదలొద్దని వాళ్లు మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

డాక్టర్ సుచరితకు అంతా చెప్పాడు. చెప్పు సంగతి, మట్టిలో గీత సంగతి, మిషన్ చెడిపోలేదన్న సంగతి. ఆఖరిది విని కొమురమ్మ అతనికేసి చూసిన చూపు ఇక్కడ రాయడం కుదరదు.

తర్వాత అడగాల్సినవన్నీ అడిగాడు. చేయించుకోకుంటే ఏమవుతుంది? చేయించుకుంటే ఏం తగ్గుతుంది, ఏం తగ్గదు? ఈ వయసుకు ప్రమాదమెంత?

"నొప్పి ఒక్కటే అయితే కసరత్తుతో కొన్నాళ్లు చూద్దాం అనేదాన్ని" అందామె. "పాదం బలం తగ్గుతోంది కాబట్టి ఆలస్యం మంచిది కాదు. నడక తేలికవుతుందని నా నమ్మకం. వేలు పూర్తిగా బాగవుతుందని మాత్రం మాటివ్వలేను."

మాటివ్వలేనన్న ఆ ముక్కే పోచమల్లుకు నచ్చింది. అయినా రెండు రోజులు గడువు అడిగాడు. ఆ రెండు రోజులూ ఎవరి సలహా అడగలేదు. మూడో రోజు పొద్దున కొమురమ్మ చాయ్ ఇస్తుంటే, "చేపిచ్చుకుంట" అన్నాడు. ఆమె గ్లాసు అతని చేతిలో పెట్టి, "బట్టలు నిన్ననే సర్దిన" అంది.

ఆపరేషన్ ముందురోజు డాక్టర్ వచ్చి ఎలా చేస్తారో వివరించింది. "మిమ్మల్ని బోర్లా పడుకోబెడతాం. వీపు పైకి ఉంటుంది."

పోచమల్లు నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయాడు. డాక్టర్ కంగారుపడింది.

"మీరేమనుకోకండి మేడమ్" అంది కొమురమ్మ. "గీ ముక్క ముందుగాల్నే చెప్తే నెల కిందట్నే వచ్చేటోడు."

ఆపరేషన్ అయి రెండు నెలలు గడిచాయి.

ఒక పొద్దున పోచమల్లు సైకిల్ ముట్టుకోకుండా గల్లీలోకి నడిచాడు. టమాటాల బండి దాటాడు. తాళాల దుకాణం దాటాడు. గాజుల దుకాణం కూడా దాటబోతుంటే ఫాతిమాబీ పిలిచింది.

"ఏం పహిల్వాన్, ఇయ్యాల చూడవా?"

అతను ఆగాడు. వెనక్కి వచ్చి, ఆ బల్ల మీద అలవాటుగా మోచేతులు ఆనించి, ఈసారి నిజంగా చూశాడు. ఆకుపచ్చవి తీయమన్నాడు.

"కొలత?"

బొటనవేలూ నడిమివేలూ కలిపి గుండ్రంగా చూపించాడు. ఆసుపత్రి వరండాలో మొదటి అడుగులు కొమురమ్మ మణికట్టు పట్టుకునే వేశాడు. కొలత తప్పే ప్రసక్తే లేదు.

తాలీంలో ఉస్తాద్ టోపీ తీసి గట్టు మీద పెట్టి, మట్టి చదును చేసి కూర్చుని ఉన్నాడు. పోచమల్లు చెప్పులు విడిచి గోడ దాకా నడిచి, తిరిగి చూశాడు. గీత ఉంది. ప్రతి అడుగుకూ లేదు. ఉన్నచోట కూడా బెత్తెడే ఉంది.

"పాము చిన్నగైంది" అన్నాడు ఉస్తాద్.

"జర ఉండనియ్యండి ఉస్తాద్. అలవాటైంది."

"దారిల ఎన్నిసార్లు ఆగినవ్?"

"ఒక్కసారి."

"కాళ్లు ఆపినయా?"

"లేదు ఉస్తాద్. నేనే ఆగిన."

ఉస్తాద్ అతని చేతిలో ఉన్న గాజుల పొట్లం చూసి తల ఊపాడు.

పైన పిచ్చుకలు అరుస్తున్నాయి. పోచమల్లు తలెత్తి చూడబోయాడు. వెనక్కి వంగొద్దని డాక్టర్ చెప్పిన మాట గుర్తొచ్చి ఆగిపోయాడు. గాజుల పొట్లాన్ని గట్టు మీద, ఉస్తాద్ టోపీ పక్కన పెట్టాడు. ఆసుపత్రిలో నేర్పినట్టు ముందు కూర్చుని, పక్కకు ఒరిగి, ఆ తర్వాత మెల్లగా వెల్లకిలా తిరిగి, మోకాళ్లు మడుచుకున్నాడు.

ఈసారి తలుపు వెయ్యలేదు.