నాలుగు పద్ధతులు రాసిన ఏదుపంది

ఆ అడవిలో గుట్ట మీద పుట్టి దిగే ఒక వాగు. వాగుకు ఈ ఒడ్డున ఒక మద్దిచెట్టు, ఆ ఒడ్డున ఒక మద్దిచెట్టు. వేటగాళ్లు ఎక్కడెక్కడ ఉచ్చులు పన్నారో ఆ రెండు చెట్ల బెరడు మీదా ఒకేలా గీసి ఉంచేవి జంతువులు. ఈ చెట్టు బాధ్యత ఏదుపందిది, ఆ చెట్టుది ఉడుముది. రోజూ గోరువంక అటు కబురు ఇటు, ఇటు కబురు అటు మోసేది. మేతకు బయలుదేరే ప్రాణి ఏదైనా ముందు చెట్టు దగ్గరికొచ్చి, "ఏ దారి మంచిది?" అని అడిగాకే కదిలేది.

వానాకాలం ముంచుకొస్తోంది. ముసురు పడితే గోరువంక ఎగరలేదు. అప్పుడు రెండు చెట్ల మీదా వేర్వేరు మాటలు పడితే ఏది నమ్మాలి? ఏదుపంది తన ముల్లే ఒకటి పీక్కుని, పది రోజులు కూర్చుని నాలుగు పద్ధతులు చెక్కింది. తర్వాత చెప్పిన మాట నిలవాలి. లేదా, పాత చెట్టు కాబట్టి ఈ ఒడ్డు మాట నిలవాలి. లేదా, ఒక్కరు ప్రమాదమన్నా ఆ దారి మూసెయ్యాలి. లేదా, ఎవరైనా వెళ్లి కళ్లారా చూసి రావాలి.

అందరినీ పిలిచి వినిపించింది.

"ఒక్కరన్నారని మూసేస్తే మేం తినేదేంటి, మట్టా?" అంది కుందేలు.

"వెళ్లి చూసేదెవరు? నువ్వెళ్తావా, ఆ పొట్టి కాళ్లేసుకుని?" అంది ఉడుము. అందరూ నవ్వారు.

ఆ ఒడ్డు నక్క గొంతు సవరించుకుంది. "తాత ఇంత కష్టపడితే వెక్కిరిస్తారేంట్రా? తాతా, నాలుగూ ఉండనీ. ఎవరూ ఏదీ తేల్చకపోతే మొదటిదే చెల్లుతుందని పైన ఒక్క ముక్క చెక్కు. తాజా కబురు కంటే నమ్మకమైనదేముంటుంది?"

ఏదుపందికి ప్రాణం లేచొచ్చింది. నక్క చెప్పినట్టే చెక్కింది. ఆ ముక్క కింద ఏముందో మళ్లీ ఎవరూ చదవలేదు.

ముసురు పట్టింది. మొదటిరోజే కుందేలు తడిసి ముద్దై పరుగెత్తుకొచ్చింది. "గుట్ట మీది తునికిచెట్ల దారిలో ఉచ్చు తాతా! కాస్తలో నా కాలు పడేది!" ఏదుపంది తన చెట్టు మీద గీసి పెట్టింది.

మూడు రోజులు ఎడతెగని వాన. నాలుగోనాడు తెరిపిచ్చాక గోరువంక వచ్చి వాలింది.

"తునికిచెట్ల దారి బాగుందట తాతా. నిన్నటి కబురు."

"ఎవరు చూశారట?"

"ఉడుము రాసుకోలేదు. పేరు రాయాలని నీ పద్ధతిలో లేదుగా!"

ఏదుపంది తన చెట్టు మీది గీతను చూసింది. కుందేలు మాట మూడు రోజుల పాతది. వెళ్లి చూద్దామంటే బురద, తన కాళ్లకు పూటంతా పడుతుంది. అప్పటికే దుప్పి వచ్చి నిలబడింది, నిండు చూలాలు. ఒడ్డు మేతంతా వరదలో మునిగి మూడు రోజులుగా పస్తు. డొక్కలు పీక్కుపోయాయి.

"గుట్ట మీదికి ఏ దారి తాతా? కడుపులోది తన్నుతోంది."

"తర్వాతి మాట నిలవాలని మనమే కదమ్మా అనుకున్నాం," అంది ఏదుపంది, తనకు తానే చెప్పుకుంటున్నట్టు. కుందేలు గీతను ముల్లుతో గీకేసింది. "తునికిచెట్ల దారిన వెళ్లు."

కాసేపటికి గుట్ట మీంచి దుప్పి అరుపు వినిపించింది. ఒక్కసారే.

ఏదుపంది పడుతూ లేస్తూ వెళ్లేసరికి, ఉచ్చులో పడ్డ దుప్పి పక్కన నక్క మూతి నాక్కుంటోంది.

"ఆ కబురు పంపింది నువ్వేనా?"

"నేనే. ఉచ్చు చూసి, మూడోరోజు దాకా ఓపిగ్గా ఆగి మరీ చెప్పాను. నీ పద్ధతి ఎక్కడైనా తప్పానా తాతా? అడ్డు లే, వేటగాడు వచ్చేలోగా ముగించుకోవాలి."

ఏదుపంది తిరిగొచ్చింది. ఒక్కరు తిట్టినా దానికి కాస్త ఊపిరాడేది. చెట్టు ముందు కూలబడి, మొదటి పద్ధతి పక్కన చెక్కింది: "ఇందులో ముందు చెప్పిన మాట చెరిగిపోతుంది, అది నిజమైనా సరే." ముల్లు విరిగితే ఇంకోటి పీక్కుంది. మూడోదాని పక్కన చెక్కింది: "ఇందులో ఆకలి తప్పదు. ప్రాణం మిగులుతుంది."

ఈసారి అందరూ చివరిదాకా చదివారు. దుప్పి తప్ప.

నీతి: పద్ధతి రాసినవాడు, అది ఎవరి ప్రాణం మీదికి వస్తుందో కూడా పక్కనే రాయాలి.