సీటు కింద వైరు

మా దస్తగిరి మేస్త్రీకి ఒక చాదస్తం ఉండేది. ఇంజన్ బాగు చేశాక స్టార్ట్ అవుతుందో లేదో ఏ మేస్త్రీ అయినా చూస్తాడు. ఈయన మాత్రం అది సరిగ్గా ఆగుతుందో లేదో కూడా చూసేవాడు. ఎన్ని విధాలుగా ఆగాలో అన్ని విధాలుగానూ ఆపి చూస్తేగానీ బండిని షెడ్డు దాటనిచ్చేవాడు కాదు. ఇంజన్ ఆడించడం నేర్చుకుందామని వచ్చిన మాకు ఈ ఆపడం గోల ఏమిటో అర్థమయ్యేది కాదు. చాటుగా నవ్వుకునేవాళ్లం. ఇప్పుడు నా షెడ్డులో కుర్రాళ్లు నన్ను చూసి నవ్వుకుంటున్నారు, అది వేరే సంగతి.

ఒకరోజు ఒక మామిడితోట యజమాని గడ్డి కోసే బండి తెచ్చాడు. పైన కూర్చుని నడిపే రకం. నడుస్తూ నడుస్తూ మిస్ కొడుతోందన్నాడు. నాతోపాటు పని నేర్చుకుంటున్న ఓబులేసుది చురుకైన చెయ్యి, అంతకన్నా చురుకైన నోరు. ప్లగ్గు, పెట్రోలు పైపు, కార్బొరేటర్ వరసగా చూసుకుంటూ పోయి, గంటలో తప్పు పట్టేశాడు. ఇలాంటి బండ్లకు సీటు కింద ఒక స్విచ్చి ఉంటుంది. మనిషి కూర్చుంటే ఆ బరువుకు అది నొక్కుకుని ఉంటుంది, మనిషి లేస్తే ఇంజన్ ఆగిపోతుంది. ఈ బండిలో ఆ స్విచ్చి పట్టు వదులైంది. గతుకుల్లో సీటు ఎగిరినప్పుడల్లా ఇంజన్ ఆగబోయి మళ్లీ అందుకుంటోంది.

"డైరెక్ట్ చేసేద్దాం మేస్త్రీ" అన్నాడు ఓబులేసు. అంటే స్విచ్చిని పక్కన పెట్టి, దాని రెండు కొసలనూ ఒక వైరు ముక్కతో కలిపేయడం. మా పనిలో ఇంత సులువైన వైద్యం ఇంకొకటి లేదు. మేస్త్రీ వద్దన్నాడు.

"ఊర్లో అందరు మేస్త్రీలూ చేసేదే గదా. మనమొక్కరమే ఎందుకు చేయగూడదు?" అని ఓబులేసు కొంచెం రోషంగానే అడిగాడు.

మేస్త్రీ చేతులు గుడ్డతో తుడుచుకుని, బోర్లించిన ఆయిలు డబ్బా మీద కూర్చుని, స్టేడియం సంగతి ఎత్తుకున్నాడు. ఆయన దగ్గర ఐదేళ్లుగా ఉన్నా మేము ఎన్నడూ వినని సంగతి.

ఊరి బయటి స్టేడియంలో పెంచలయ్య అనే ఆయన గడ్డి బండి నడిపేవాడు. భారీ మనిషి, నెమ్మదస్తుడు, మేస్త్రీకి స్నేహితుడు. ఆటలు చూడ్డానికి వచ్చిన జనం గడ్డిలో పారేసిన సీసాలూ కవర్లూ తీయడానికి మాటిమాటికీ బండి దిగాల్సి వచ్చేది. దిగినప్పుడల్లా ఇంజన్ ఆగేది. వేడెక్కిన ఇంజన్ మళ్లీ అందుకోవడానికి మొరాయించేది. "దీన్ని డైరెక్ట్ చేసి పెట్టు దస్తగిరన్నా, దీంతో యాగలేకుండా ఉండా" అన్నాడొకరోజు. మేస్త్రీ రెండు నిమిషాల్లో చేసి పెట్టాడు. ఇద్దరూ నవ్వుకుంటూ పోయి టీ తాగారు.

రెండేళ్లు బాగానే గడిచాయి. ఒక వానాకాలం పొద్దున, జనం కూర్చునే గడ్డి గట్టు మీద పెంచలయ్య బండి దిగి ఏదో కవరు తీయబోయాడు. తడి గడ్డి మీద బండి అతని మీదికి జారింది. మనిషి దిగినా ఇంజన్ ఆగలేదు, కింద తిరిగే బ్లేడూ ఆగలేదు. పెంచలయ్య బతకలేదు.

మరునాడు బండిని చూడమని మేస్త్రీనే పిలిచారు. అందరూ ఆస్పత్రి దగ్గరున్నారు. ఆయన ఒక్కడే సీటు ఎత్తి, తాను కట్టిన వైరును తానే విప్పి, స్విచ్చిని మళ్లీ మామూలుగా కలిపి, వైరు ముక్కను అంగీ జేబులో వేసుకున్నాడు. పారేయడానికి చెయ్యి రాలేదట. పాపం, కాలు జారి బండి కింద పడ్డాడని ఊరంతా అనుకుంది. ఈయనా ఔనన్నాడు.

మూడు నెలల తర్వాత ఆ పనిని పెంచలయ్య భార్య సుంకులమ్మకు ఇచ్చారు, కారుణ్య నియామకం కింద. ఆర్నెల్లు చూస్తాం, బండి నడపడం చేతనైతే ఉంచుతాం, లేకపోతే లేదని స్టేడియం మేనేజరు ముందే చెప్పాడు. ఇద్దరు పిల్లల తల్లి, పట్టుదలగా నేర్చుకుంది. కానీ ఆమె ఎక్కితే చాలు, ఇంజన్ మిస్ కొట్టేది. మేనేజరు ఎక్కితే కొట్టదు, తోటమాలి ఎక్కితే కొట్టదు. ఆమె బక్కపలచని మనిషి. పైగా మొగుడు కూర్చున్న చోట నిండుగా కూర్చోవడానికి మనసొప్పక, సీటు ముందంచున ఒదిగి కూర్చునేది.

మేస్త్రీకి మొదటి చూపులోనే తెలిసిపోయింది, ఆమె బరువుకు స్విచ్చి సరిగ్గా నొక్కుకోవడం లేదని. చెప్పడానికి ఒక్క మాట చాలు. కానీ ఆ మాట చెబితే, మరి పెంచలయ్య దిగినప్పుడు ఈ స్విచ్చి ఏమైంది అని అడుగుతారు. అందుకని ప్లగ్గు మార్చాడు. వారానికి మళ్లీ పిలిస్తే కార్బొరేటర్ విప్పి కడిగాడు. మూడోసారి పెట్రోలు పైపూ ఫిల్టరూ మార్చాడు. "తప్పు యాడుందో తెలీక ఎతికేవాణ్ని చూసింటారు. తెలిసి గూడా ఎతికేవాణ్ని చూసినారంట్రా?" అని మమ్మల్ని అడిగాడు.

జనం ఊరుకుంటారా! మొగుణ్ని మింగిన బండి పెండ్లాన్ని ఎక్కనిస్తుందా అన్నారు. మేనేజరు కూడా విసిగిపోయి, జెండా పండగ నాటికి మైదానం సిద్ధం కాకపోతే ఇంకొకర్ని పెట్టుకుంటామని తేల్చేశాడు. ఇంక వారమే ఉంది. మేస్త్రీ నాలుగోసారి వెళ్లేసరికి ఇంజన్ మూత మీద పసుపూ కుంకుమా, చక్రం కింద నిమ్మకాయా ఉన్నాయి. సుంకులమ్మ పక్కనే నేలమీద కూర్చునుంది.

"నువ్వేం చేసినా లాభం లేదులేన్నా," అంది. "ఆయనకే ఇష్టం లేదు. నేను కూర్చున్నప్పుడల్లా వద్దు దిగు, వద్దు దిగు అని తోస్తాండాడు. బతికినన్నాళ్లూ ఒక్క మాట అనినోడు కాదు. ఇప్పుడు నేనేం తప్పు చేసినానన్నా?"

మేస్త్రీ దాచిన తప్పు పోయి పోయి చచ్చిపోయిన స్నేహితుడి నెత్తిన పడింది. ఆయన సీటు ఎత్తి స్విచ్చి చూపించాడు. జేబులోంచి వైరు ముక్క తీసి ఆమె ముందు పెట్టాడు.

"ఆయన కాదమ్మా తోసేది, ఈ స్విచ్చి. నీ బరువు దానికి చాలడం లేదు. దీన్ని పనిచెయ్యకుండా ఈ వైరుతో కట్టింది నేనే. కట్టకపోయింటే, ఆ పొద్దు ఆయన దిగంగానే ఇంజన్ ఆగిపోయిండేది."

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేది అన్నాడు మేస్త్రీ. ఆ వైరును చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"ఇది కడితే నాకు మిస్ కొట్టదా?" అని అడిగింది చివరికి.

"కొట్టదు."

"అయితే నాకు గూడా కట్టన్నా. పిల్లోళ్లను సాక్కోవాల."

ఈ మాట చెప్పి మేస్త్రీ షెడ్డు కప్పు వైపు చూశాడు. ఆయన కళ్లు తడవడం మేము చూసింది ఆ ఒక్కసారే.

ఆయన ఆ వైరు కట్టలేదు. పాత లారీ ట్యూబు కోసి, ముక్క మీద ముక్క పెట్టి, సీటు అడుగున స్విచ్చికి తగిలే చోట అతికించాడు. ఒక ముక్క తక్కువైతే మిస్ కొట్టింది. ఒకటి ఎక్కువైతే మనిషి లేచినా ఇంజన్ ఆగలేదు. ఆమెను ఎక్కిస్తూ దించుతూ, కోస్తూ అతికిస్తూ ఆ పగలంతా అక్కడే ఉన్నాడు. వెనక్కి జరిగి నిండుగా కూర్చోమ్మా, అది నీ సీటే అని బతిమాలాడు. పొద్దు వాలే వేళకు ఆమె జరిగి కూర్చుంది. బండి ఒక్క మిస్ కూడా లేకుండా మైదానం చుట్టూ తిరిగి వచ్చింది.

గట్టు దగ్గర ఆమె బండి దిగింది. ఇంజన్ ఠక్కున ఆగిపోయింది. ఆమె చక్రం మీది రేకు పట్టుకుని అలాగే నిలబడింది.

"ఇంతేనా అన్నా," అంది. "ఇంతేనా." అప్పుడు ఏడ్చింది.

మేస్త్రీ చెప్పడం ఆపాడు. ఓబులేసు మెల్లగా, "మేనేజరుకు చెప్పినావా మేస్త్రీ?" అన్నాడు.

"ఆ పొద్దే చెప్పినా. నన్ను మళ్లా గేటు లోపలికి రానీలేదు, అది న్యాయమే. ఆమె పని నిలబడింది."

"ఆమె ఏమనింది నిన్ను?"

"ఏమీ అన్లేదు. వైరు మాత్రం తిరిగియ్యలేదు."

మామిడితోట బండికి కొత్త స్విచ్చి దొరకడానికి నాలుగు రోజులు పట్టింది. రెండు నిమిషాల పనికి ఇన్ని రోజులా అని యజమాని సణిగాడు. ఓబులేసు స్విచ్చి బిగించాక బండెక్కి షెడ్డు ముందున్న గతుకుల్లో మూడు చుట్లు తిప్పాడు. ఎక్కడా మిస్ లేదు. "బాగైంది మేస్త్రీ!" అని సీటు మీది నుంచే సంబరంగా అరిచాడు.

"దిగు" అన్నాడు మేస్త్రీ.

ఓబులేసు దిగాడు. ఇంజన్ ఆగిపోయింది. మేస్త్రీ తల పక్కకు వంచి కాసేపు విన్నాడు, వినడానికి అక్కడ ఏ చప్పుడూ లేకపోయినా.

"ఇప్పుడు బాగైంది" అన్నాడు.