వెళ్లి రా అన్న రెండు రాళ్లు

సగం విని లేచిపోయే అలవాటున్నవాళ్లు ఇప్పుడే లేవండి. ఈ కథ సగం వింటే ప్రమాదం. ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

చీమలకు చదువొచ్చు. నవ్వకండి, నిజంగానే వచ్చు. మనం సుద్దముక్కతో రాస్తే అవి వాసనతో రాస్తాయి, మనం కళ్లతో చదివితే అవి మీసాలతో చదువుతాయి. వేరుశనగ చేను గట్టు కింద ఒక పుట్ట ఉండేది. అందులో ప్రతి వాకిట్లోనూ రెండు ఇసుకరాళ్లు, ఒకటి దాటాక ఇంకొకటి. మొదటి రాయి మీద "వెళ్లి" అని, రెండో రాయి మీద "రా" అని వాసన. రెండూ వరసగా చదువుకుని లోపలికి పోవాలి. రాయి ఏం చెబితే అది చేయాలన్నదే ఆ పుట్ట కట్టుబాటు. వేలమంది ఒకేసారి నడిచే దారిలో ఒక్కొక్కరూ ఆగి ఇదేంటి అదేంటి అని ఆలోచిస్తూ కూర్చుంటే పుట్ట నడవదు మరి.

ఆ రాళ్లు పెట్టించింది సూరవ్వ. పుట్టలో అందరికంటే పెద్దది, ఒక మీసం విరిగిపోయింది, నడక నెమ్మది. గడప దాటేవాళ్లని పో అనకూడదు, వెళ్లి రా అనాలి అన్న పట్టింపు మన ఇళ్లలో ఉన్నట్టే ఆవిడకీ ఉంది. కుర్రచీమలకు ఇదంతా వేళాకోళం. ఏ పనీ చెప్పని రాళ్లు ఎందుకవ్వా, రోజూ వందసార్లు ఊరికే చదివి చావాలి అని సణిగేవి. పని లేకపోతే పోయింది, చోటు ఉంది కదా, రేపు ఏదైనా చెప్పాల్సి వస్తే ఆ చోటే అక్కరకొస్తుంది అని సూరవ్వ తన దారిన తాను పోయేది.

ఆ ఏడు తొలకరి ముందుగా వచ్చేట్టుంది. కింది గదుల్లోకి నీళ్లు దిగకముందే గుడ్లన్నీ పైగదికి చేర్చాలి. తెల్లవారింది మొదలు చీమలు నోట గుడ్డు కరుచుకుని మూడు వాకిళ్లు దాటుకుంటూ పైకి నడుస్తున్నాయి. ఆగే పని లేదు. ఆగితే పిల్లలు మునుగుతాయి. అయితే పైగదికి చేరే గుడ్లు రోజురోజుకీ తగ్గిపోతున్నాయి. కింద బయల్దేరినవన్నీ పైకి రావడం లేదు. మధ్యలో ఎక్కడ పోతున్నాయో ఎవరికీ తెలియదు.

గండుచీమల పెద్ద గండ్రన్న. పెద్ద తల, అంతకంటే పెద్ద తొందర. వాడికి ఈ సంగతి నిద్ర పట్టనివ్వలేదు. వాడిని గుడ్డులో ఉన్నప్పుడు నోట కరుచుకుని మోసి పెంచింది వాళ్లక్క బుల్లక్క, ఇప్పుడూ అదే వరసలో గుడ్లు మోస్తోంది. వాడు సూరవ్వ దగ్గరికి వెళ్లి, వాకిళ్ల దగ్గర ఎవరు ఏం మోసుకుపోతున్నారో తెలిస్తేగాని దొంగ దొరకడు అన్నాడు. అవ్వ ఒప్పుకుంది. "వెళ్లి రా" తీసేసి "చెప్పి పో" అని పెడదాం, పేరూ మోస్తున్నదీ వాకిట్లో చెప్పి మరీ పోతారు, పని తీరాక మళ్లీ మార్చుకోవచ్చు అంది. అయితే కింది గదిలో పని చూసుకుని వస్తాను, అందాకా రాళ్ల జోలికి పోవద్దని గట్టిగా చెప్పి వెళ్లింది.

గండ్రన్న గాలి పీల్చుకుందామని పుట్ట పైకి వచ్చాడు. ఎదురుగా గట్టు మీది రాయిపైన తిప్పన్న కూర్చుని ఉన్నాడు. తిప్పన్న అంటే తొండ. ఎవరేమన్నా అవునవునని తల ఊపడం వాడి పద్ధతి. ఈ ఏడు ముక్క ముట్టడం మానేశానని, చీమలంటే తోడబుట్టినవాళ్లతో సమానమని ఊరంతా చెప్పుకుని తిరుగుతున్నాడు. గండ్రన్న పూర్తిగా నమ్మలేదు గానీ, ఇంత లావు ఒళ్లు మా పుట్టలోకి ఎలాగూ పట్టదులే అనుకుని కష్టమంతా చెప్పుకున్నాడు.

తిప్పన్న విన్నంతసేపూ తల ఊపాడు. ఆఖరికి అన్నాడు.

"అవ్వ వచ్చేలోపు వానాకాలమే అయిపోతుంది గండ్రన్నా. రెండంటే రెండు రాళ్లు. మొదటిది మార్చు, రెప్ప వేసేలోపు రెండోది మార్చు. ఆ కాస్త సందులో ఎవరొస్తారు?"

గండ్రన్న మూర్ఖుడేం కాదు. రెండో రాయి ముందు మారిస్తే మధ్యలో "వెళ్లి పో" అని తయారవుతుందని, అది ఎవరైనా చదివితే కొంప మునుగుతుందని ఆలోచించాడు. అందుకే మొదటి రాయితోనే మొదలుపెట్టాలి. అప్పుడు మధ్యలో నిలబడేది "చెప్పి రా", దానివల్ల ఎవరికీ ఏమీ కాదు. ఇంత లెక్క చూసుకున్నందుకు వాడికి లోపల కాస్త గర్వంగా కూడా ఉంది.

మొదటి వాకిలి దగ్గరికి వెళ్లాడు. వరస నడుస్తూనే ఉంది. చటుక్కున మొదటి రాయి తీసి "చెప్పి" పెట్టాడు. అదే ఊపులో రెండోది తీసి "పో" పెట్టాడు. నిజంగా రెప్పపాటే.

కానీ ఆ రెప్పపాటుకు ముందే బుల్లక్క మొదటి రాయి దాటింది. ఆవిడ మీసాల మీద పాత వాసన ఉంది. "వెళ్లి" అని చదువుకుని వచ్చింది. రెండో రాయి దగ్గరికి వచ్చేసరికి అక్కడ "పో" ఉంది.

వెళ్లి పో.

ఏ రాయి మీదా ఆ మాట లేదు. ఎవరూ రాయలేదు. ఆవిడ మాత్రం దాన్నే చదివింది.

బుల్లక్క ఒక్క క్షణం ఆగి, పైగదికి పోయే దారి వదిలేసి, బయటికి పోయే దారి పట్టింది. ఆవిడతోపాటు ఆ క్షణాన రెండు రాళ్ల నడుమ ఉన్నవాళ్లు ఇంకో నలుగురు. ఐదుగురూ నోట గుడ్లు పెట్టుకుని, తొణక్కుండా, వరస తప్పకుండా వెలుతురు వైపు నడిచారు.

గండ్రన్న వెనకాలే పరిగెత్తి అక్క కాలు పట్టుకున్నాడు. ఆవిడ వాడిని ఈడ్చుకుంటూనే నడిచింది.

"అక్కా, ఎక్కడికి?"

"వెళ్లిపొమ్మన్నారు కదరా."

కోపం లేదు, ఏడుపు లేదు. నీళ్లకు పోతున్నా అన్నంత మామూలుగా అంది. కాదక్కా, నేను మారుస్తున్నా, నువ్వు సగమే చదివావు అని వాడు మొత్తుకున్నాడు. రాయి చెప్పాక ఇంకెవరి మాట వింటారు? పుట్ట అంచు దగ్గర వాడి పట్టు జారింది. బయట రాయి మీద తిప్పన్న లేడు. రాయి దిగి వచ్చి దారికి అడ్డంగా కూర్చుని ఉన్నాడు, ఇందాకే పిలిచి పెట్టుకున్న చుట్టాల కోసం చూస్తున్నట్టు.

ఆ తర్వాత జరిగింది నేను చెప్పను. తొండను మీరూ చూసినవాళ్లే.

గండ్రన్న లోపలికి ఎలా వచ్చాడో వాడికే తెలియదు. పాత రాళ్లు మళ్లీ పెట్టేస్తే ఇదంతా లేనట్టే అవుతుందన్న పిచ్చి ఆశతో మొదటి రాయి మీద పడ్డాడు. అప్పుడే సూరవ్వ వచ్చింది.

"ముట్టుకోకు. తీసేయడం కూడా మార్చడమేరా. ఇప్పుడు 'వెళ్లి' అని చదివి 'పో' దగ్గరికి వచ్చేవాళ్లను ఏం చేస్తావు?"

వాడు అక్కడే కూలబడ్డాడు. జరిగింది చెప్పాడు. తొండ సలహా అని కూడా చెప్పాడు. బుల్లక్క అవ్వ చేతుల మీద పెరిగిన పిల్లే. ఉన్న ఒక్క మీసమూ వేలాడిపోయింది.

ఇక రాళ్ల ఊసెత్తితే ఒప్పుకోమని చీమలన్నీ తిరగబడ్డాయి. అవ్వ వాళ్లకు రెండే సంగతులు చెప్పింది. ఇప్పుడు నడక ఆపితే కిందున్న పిల్లలు మునుగుతాయి. దొంగను పట్టకుండా నడిస్తే పైకి చేరేది సగమే. ఐదుగురిని పోగొట్టుకుని కూడా ఏమీ తెలుసుకోకుండా ఊరుకుందామా అని అడిగింది.

ఆవిడ రెండో వాకిలి దగ్గరికి వెళ్లి, రాళ్లు ముట్టుకోకుండా, ముందు ఒక పల్లేరు ముల్లు తెచ్చి మొదటి రాయి మీద పెట్టింది. ముల్లు కనబడితే రాయి చదవకూడదు, పక్కనున్నవాళ్లని అడగాలి. గుడ్డులోంచి బయటపడ్డ రోజే ప్రతి చీమకూ నేర్పే సంగతి ఇది. వచ్చినవాళ్లు ముల్లు చూసి పక్కకు తిరిగారు. అక్కడ అవ్వ నిలబడి ఒక్కొక్కరికీ నోటితో "వెళ్లి రా తల్లీ" అని చెప్పి రాళ్ల పక్కనుంచి పంపింది. కొంచెం చుట్టు, అంతే. నడక ఆగలేదు.

రెండో రాయి ఇప్పుడు మార్చనా అని గండ్రన్న అడిగాడు. అవ్వ వద్దంది. ముల్లు పెట్టకముందే మొదటి రాయి చదివినవాళ్లు ఇంకా మధ్యలో ఉన్నారు. ప్రతి వరసకీ కబురు పంపించింది, మీలో సగం చదివినవాళ్లు దాటారా అని. ఎడమ వరస దాటామంది. కుడి వరస దాటామంది. గోడవార వరస నుంచి మాట రాలేదు. అందరూ విసుక్కుంటున్నా అవ్వ కదల్లేదు. ఆఖరికి అక్కడినుంచి ఒక కుంటిచీమ మెల్లగా వచ్చి, రెండో రాయి చదువుకుని, దాటింది.

గండ్రన్న దాన్ని చూసి తల దించుకున్నాడు. తనైతే దాన్ని కూడా పంపించేసి ఉండేవాడు.

అప్పుడు రెండో రాయి మార్చారు. మార్చినట్టు అన్ని వరసలకీ తెలిసిందాకా మళ్లీ ఆగారు. అన్నిటికంటే ఆఖర్న ముల్లు తీసి, మొదటి రాయి చోట "చెప్పి" పెట్టారు. ఒక్క చీమ దారి తప్పలేదు. మూడో వాకిట్లోనూ అలాగే చేశారు.

ఇక మాటలు రావడం మొదలైంది. మొదటి వాకిట్లో అందరి నోటా గుడ్డు ఉంది. రెండో వాకిట్లోనూ ఉంది. మూడో వాకిట్లో పొన్నమ్మ అనే చీమ తన పేరు చెప్పి, గొంతు తగ్గించి, నోట్లో ఏమీ లేదంది. చీకట్లో తోపులాటలో ఎక్కడో పడేసుకున్నానేమో, చెబితే తిడతారని ఇన్నాళ్లూ గమ్మున ఉన్నాను అంది. ఆ మాట వినగానే వెనకాల ఇంకో ముగ్గురు నాదీ అదే కథ అన్నారు.

రెండో వాకిలికీ మూడో వాకిలికీ మధ్య గోడ తడిమి చూశారు. ఒక సన్నటి నెరియ ఉంది, బయటినుంచి లోపలిదాకా. అంచులు జిగటగా ఉన్నాయి. అది తొండ నాలుక తడి.

సూరవ్వ గండ్రన్న వైపు చూసింది. వాకిళ్ల దగ్గర ఎవరైనా చెప్పి పోతే ఈ నెరియ బయటపడుతుందని తొండకు ముందే తెలుసు, ఆ పని చెడాలనే నిన్ను అంత తొందర పెట్టాడు అంది. గండ్రన్న పదిమంది గండుచీమలను తీసుకెళ్లి నెరియ ముందు నిలబడ్డాడు.

మధ్యాహ్నం నాలుక లోపలికి వచ్చింది, ఎప్పటిలాగే మెత్తటి గుడ్డు కోసం. పదకొండుమందీ కరిచి పట్టారు. వదల్లేదు. బయట తిప్పన్న గట్టు మీదినుంచి పొర్లిపడ్డ చప్పుడు పైగదిదాకా వినబడింది. చివరికి నాలుక పీక్కుని, అది మూడింతలు వాచిపోయి, నోరు మూతబడక, కళ్లనీళ్లతో నిలబడ్డాడు. అప్పుడు కూడా పెద్దమనిషి తరహా వదల్లేదు. తల ఊపుతూ, వంకర మాటతో, "వెల్లొత్తానవ్వా" అన్నాడు.

సూరవ్వ పుట్ట అంచుకు వచ్చింది.

"గడప దాటేవాళ్లందరికీ వెళ్లి రా అనే చెబుతా నాయనా. నీకు మాత్రం మొదటి మాట అదే, రెండో రాయి మార్చి పెట్టాను. ఈసారి పొరపాటు కాదు, రెండూ చదువుకో."

వాడు చదువుకున్నాడు. తల ఊపకుండా పోయాడు.

సాయంత్రానికి వాన వచ్చింది. గుడ్లన్నీ పైనే ఉన్నాయి. పని తీరాక అవ్వ మళ్లీ ముల్లు పెట్టి, మళ్లీ అందరూ దాటేదాకా ఆగి, మూడు వాకిళ్లలోనూ పాత రాళ్లు పెట్టించింది. గండ్రన్న మాత్రం ఇప్పటికీ మొదటి వాకిలి దాటేటప్పుడు రెండో రాయి రెండుసార్లు తడిమి చూస్తాడట, "రా" అనే ఉందా అని.

నడుస్తున్న దారిలో మాట మార్చాలంటే, పాత మాట సగం చదివినవాళ్లు దాటేదాకా ఆగాలి.